వంటింటి కత్తికి మొన యేల?

ఈ సాయంకాలము నేను ప్రసంగింపఁబూనిన వస్తువు మీ ప్రతి యింటను గలదు. దానిని గూర్చి ఆకాశవాణిలో మాటలాడఁబోవుచున్నానని చెప్పఁగా మా యింటివారే నవ్విరి. అది కూరలు తఱుగు కత్తి. పురాణము చెప్పవలసిన నోటితో కూరలకత్తి మాట చెప్పుట యేమని మీకును తోఁపవచ్చును. నాకు దీనియందు పట్టుదల కలుగుటకు ఒక కారణము కలదు. అది ముందుగా మనవి చేసెదను.

పుంగనూరికి నాలుగు క్రోసుల దూరమున నేను ఉపాధ్యాయుఁడనై యున్న పల్లెలో అన్నదమ్ములిద్దఱు నాకు శిష్యులు. పెద్దవాఁడు నెమ్మదస్థుఁడు. చిన్నవాఁడు లెక్కలలో మొదటివాఁడు, కోపములోను మొదటివాఁడే. తండ్రి పోయిన పిదప పొలము పంచుకొనిరి కాని బోరు మాత్రము ఒక్కటే. కరెంటు వచ్చిన వేళ నీళ్లవంతు ఎవరిదను మాట ప్రతి వేసవియందును పెరుగుచుండెను. ఒకనాఁటి రాత్రి అన్నగారి యింట, విస్తళ్లు వేసిన పిమ్మట, ఆ మాట మఱల వచ్చినది. తమ్ముని యెదుట పుచ్చకాయ కోయుటకై తెచ్చి పెట్టిన కత్తి యున్నది. బెంగుళూరిలో పనిచేయు మేనల్లుఁడు కొని తెచ్చినది. జానెడు పొడవు, సూదివంటి మొన. ఒక్కటే పోటు. రెండవది లేదు. పొడిచినవాఁడే అన్నను భుజముపై వేసికొని రోడ్డునకుఁ బరుగెత్తెను. ఆటో పుంగనూరు చేరకమునుపే ప్రాణము పోయినది.

పదునొకండవ దినమున నేను పరామర్శకుఁ బోయితిని. తల్లి మూలగదిలోఁ గూర్చుండి యున్నది. ఆమె యేడ్వలేదు. ఆమె నాతో ననిన మాట ఇది: "అయివారూ, ఆ పొద్దు వాడి ముందర ఈలపీట ఉండింటే, వాడు దాన్ని ఎత్తేలోపల నేను మధ్యలో పడుందును. వాడికీ తెలివొచ్చుండును."

నేను ఓదార్పుమాటలు కొన్ని నేర్చినవాఁడనే. ఆ మాటకు మాత్రము బదులు దొరకలేదు. ఆనాఁటినుండి అది నా మనస్సును తొలుచుచునే యున్నది. ఆమె చెప్పినది దుఃఖములో వచ్చిన మాటయా, లేక అందొక సత్యము కలదా యని విచారింపఁగా నాకుఁ దోఁచినదే ఈ ప్రసంగము.

కోస్తా జిల్లాలవారు కత్తిపీఁట యనుదానిని మన పడమటి తాలూకాలవారు ఈలపీఁట యందురు. కుప్పము దాఁటి కన్నడదేశపు ఎల్ల త్రొక్కినచో అదే ఈళిగెమణె. తమిళదేశపు ఎల్ల త్రొక్కినచో అరివాళ్‌మణై. పేరు మాఱినను నిర్మాణము ఒక్కటే. ఒక పలక, దాని తలవద్ద నిలువుగా బిగించిన వంకరకత్తి. వాదర కోయువారి వైపునకే తిరిగి యుండును. కోయునామె పలకను పాదముతోనో మోఁకాలితోనో ఒత్తిపట్టి, రెండుచేతులతోను కాయను బట్టి, దానిని కత్తివద్దకుఁ దీసికొనిపోవును. తక్కిన కత్తులన్నియు చేతిలోఁ గదలుచుండఁగా ఇది యొక్కటి కూర్చుండిన కత్తి.

దీనితో గుమ్మడికాయ కోయవచ్చును, చేఁప కడుగవచ్చును, చింతకాయ తునుకలు చేయవచ్చును. కాని కోపము వచ్చిన క్షణమున దీనిని చేతఁబట్టి యొకని మీఁదికి దుముకుట సులభము కాదు. పలక బరువు; పట్టుకొనుటకుఁ బిడి లేదు; ఎత్తినచో వాదర ఎత్తినవాని వైపునకే తిరిగి యుండును. అనేకమైన యిండ్లలో దీని కొనయందు పండ్లుగల బిళ్ల యొకటి కొబ్బరికోరుగా నుండును. అనఁగా పొడుచుటకుఁ బనికివచ్చు చోటనే కొబ్బరి కోరుకొను ఏర్పాటు కలదు. మన పూర్వులు హత్యలను నివారింపఁదలఁచి ఇట్లు చేసిరని నేననను. కొబ్బరి కావలసి చేసిరి. ఐనను ఫలము ఫలమే. ఆ తల్లి మాట దుఃఖములో వచ్చినదే కాని పొల్లు కాదు.

ఈలపీఁటను పొగడి ఊరకున్నచో నేను సత్యము సగము దాఁచినవాఁడ నగుదును. మదనపల్లెలో మా యింట, నా మనుమరాలు ప్రాఁకులాడు వయస్సున, మా యింటి యామె తలుపువద్దకు ఎవరో వచ్చిరని లేచి పోఁగా, ఆ శిశువు ప్రాఁకుకొనుచు వచ్చి నిలిచియున్న కత్తిని పట్టుకొనెను. రెండు వ్రేళ్ల మొదళ్లు తెగినవి. ఎముక వఱకుఁ బోలేదు, కుట్లు పడినవి, నేఁడు ఆ బిడ్డ చక్కఁగా వ్రాయుచున్నది. కాని మా యింటి యామె ఇప్పటికిని ఆ వ్రేళ్లను చూచినప్పుడు మాట నిలిపివేయును. లేచునప్పుడు ఈలపీఁటను ప్రక్కకు వాల్చి, వాదరను గోడవైపునకుఁ ద్రిప్పవలెనని ఆమెకుఁ దెలియదా? తెలియును. ఆమె తల్లి చెప్పినది, అత్త చెప్పినది. ఒక్కనాఁడు మఱచినది. మనుష్యుఁడు మఱచును గనుక వస్తువే జాగ్రత్తగా నుండవలెనని నేను నేర్చిన పాఠము ఇదియే.

ఈ పాఠము పెద్ద యంత్రముల విషయమున మన దేశములో ఇదివఱకే ఋజువైనది. పశువుల మేఁత నఱకు యంత్రమును మీరెఱుఁగుదురు, చాఫ్‌కట్టరు అందురు. పుంగనూరు ఆవు పొట్టిదే యైనను దానికిని మేఁత నఱకక తప్పదు. ఉత్తరదేశమున ఈ యంత్రములవలన వ్రేళ్లు, చేతులు పోఁగొట్టుకొన్నవారు అనేకులు. పని లేని వేళ చక్రము త్రిప్పి ఆడుకొను పిల్లలు వారిలోఁ జేరుదురు. ఢిల్లీలోని ఐ.ఐ.టి.లో ఆచార్యులైన దినేశ్ మోహన్ గారు, 2021లో కీర్తిశేషులైనవారు, తమ సహచరులతోఁ గూడ ఆ పల్లెలకుఁ బోయి గాయములను లెక్కించి, ఏది యెట్లు తెగినదో అడిగి తెలిసికొనిరి. పిదప వారు జాగ్రత్త జాగ్రత్త యని ఉపన్యసింపలేదు. యంత్రమునే మార్చిరి. పని లేనప్పుడు చక్రము తిరుగకుండ ఒక గొళ్లెము, కత్తులమీఁద ఒక మూఁత, చేయి మితి మీఱి లోపలికిఁ బోవునప్పుడు ముందుగాఁ దగిలి హెచ్చరించు ఒక కఱ్ఱదిండు. ఖర్చు స్వల్పము. 1983లో అపాయకర యంత్రముల చట్టము ఒకటి పార్లమెంటు చేసినది. ఆ చట్టము వలన నెంత మేలు కలిగెనో వేఱొకనాఁడు మాటలాడుకొనవచ్చును. గొళ్లెము వలన మేలు కలుగుననుట మాత్రము నాకు నిస్సందేహము.

ఇప్పుడు మన వంటిండ్ల సంగతి. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము వచ్చి పల్లెలలో గ్యాసుపొయ్యి ప్రవేశించినది. గ్యాసుపొయ్యి నేలమీఁద నుండదు; తిన్నె కావలెను. తిన్నె వచ్చిన పిదప ఆఁడువారు నిలుచుండి వండుట నేర్చిరి. నిలుచుండి వండునామె కూరలకై మఱల నేలమీఁదఁ గూర్చుండుట యెందులకు? మోఁకాళ్ల నొప్పియు నొక కారణము. ఈలపీఁట అటక యెక్కినది, కత్తి దిగినది. ఇందులో తప్పేమియు లేదు. పొగ పోయినది, నడుము నొప్పి తగ్గినది. నా మాట యేమనఁగా, దిగిన కత్తి యెట్టిదో ఎవరును విచారింపలేదు. అంగడిలో తళతళ మెఱయుచు, పెట్టెలో నైదాఱు కూడి, పెండ్లికానుకలుగా వచ్చు కత్తులు సీమవంటలలో పెద్ద మాంసఖండములను కోయుటకు ఏర్పడిన రూపము గలవి. పొడవు, వెడల్పు, కొనయందు వాఁడి మొన. మన వంటలో ఆ మొనతోఁ జేయు పని యేది?

నేను మూఁడు నెలలపాటు మా యింటను, చుట్టములయింటను వంట జరుగునప్పుడు కూర్చుండి చూచితిని. నన్ను చూచి కోడండ్రు విసుగుకొనిరి. టమోటా, వంకాయ, బీర, సొర, ఉల్లి, మునగ, ఆకుకూరలు, అన్నియు వాదరతోనే తెగుచున్నవి. పొడవైన కత్తి మొన రెండు పనులకు మాత్రమే వచ్చినది: టమోటా తొడిమను తొలుచుటకు, ఉర్లగడ్డ కన్నును తీయుటకు. ఈ రెండింటికిని బొటనవ్రేలంత కత్తి చాలును. వాస్తవమునకు అదే మేలు. మూఁడవది యొకటి కలదు, పాలపొట్లము చీల్చుట. ఆ పని పొడుగుకత్తితోఁ జేసిన మా పెద్దకోడలు అరచేయి చీల్చుకొన్నది. కావున దానిని కత్తి ఖాతాలో నేను వేయను.

మొనయొక్క స్వభావమును గూర్చి ఒక మాట చెప్పవలెను. శవపరీక్షలు చేయు వైద్యులు చెప్పునదేమనఁగా, మనుష్యశరీరమున ఎముకను విడిచినచో కత్తిని బలముగా నడ్డగించునది చర్మమే. చర్మము తెగినదా, లోపలి మెత్తని భాగములు అంతగా నడ్డగింపవు. కనుక పోటునకుఁ గావలసినది భుజబలము కాదు, మొన వాఁడిమి. వాఁడిమొన గల కత్తితో బక్కవాఁడు పొడిచినను చేతికిఁ దెలియకుండ పిడి వఱకు దిగును. పొడిచినవారు పలువురు, ఇంత లోపలికిఁ బోవునని తలఁపలేదు అని న్యాయస్థానములలో చెప్పుకొందురు. అది అన్నివేళల అబద్ధము కాదు. వాదరతో నఱికిన గాయము భయంకరముగాఁ గనఁబడును, నెత్తురు కారును. కాని అది పైపైని పొడవుగా పోవును. పోటు చిన్నదిగాఁ గనఁబడి గుండెనో, కాలేయమునో, పెద్ద నరమునో చేరును. మొనను గుండ్రముగాఁ జేసిన కత్తి తఱుగును, కోయును, నఱకును. పొడుచుట యొక్కటి దానికి రాదు. చొక్కాయను, చర్మమును దాఁటుటకు దానికి మునుపటికంటె మిక్కిలి బలము కావలెను. ఆ బలము కూర్చుకొను లోపల ఎదుటివాఁడు తొలఁగవచ్చును, తల్లి నడుమఁ బడవచ్చును.

ఈ తలంపు క్రొత్తది కాదు. నేను సంస్కృతపాఠశాలలో చదువుకొన్నవాఁడను గనుక నాకు సహజముగా గ్రంథములవైపునకు చూపు పోయినది. అమరసింహుఁడు కత్తికిఁ జెప్పిన పేరులలో అసిపుత్రి, అసిధేనుక యనునవి కలవు. అసి యనఁగా ఖడ్గము. చిన్నకత్తి దాని కూఁతురన్నమాట. బాలుఁడనై వల్లించునపుడు ఆ పేరు నాకు ముద్దుగాఁ దోఁచెడిది. తండ్రి యుద్ధమున కుపయోగించు గుణమును కూఁతురు వంటింటికిఁ దెచ్చుకొనవలసినదేనా యను ప్రశ్న అప్పుడు తట్టలేదు.

అంతకంటెను స్పష్టమైన మాట సుశ్రుతసంహితలో నున్నది. సుశ్రుతుఁడు శస్త్రవైద్యమునకు ఇరువది శస్త్రములు చెప్పెను. వానిలో మండలాగ్రము మొదటిది. కొన గుండ్రముగా నుండునని పేరే చెప్పుచున్నది. వృద్ధిపత్రము మఱియొకటి, దాని కొన వాఁడియైనది. గర్భములో శిశువు చనిపోయి అడ్డముపడినప్పుడు తల్లిని బ్రదికించుటకై లోపలనే శస్త్రము నడపవలసి వచ్చును. అట్టి వేళ వైద్యుఁడు మండలాగ్రమునే వాడవలెననియు, వృద్ధిపత్రము వాఁడికొన గలది గనుక తల్లిని గాయపఱుచుననియు సుశ్రుతుఁడు హెచ్చరించెను. చూచితిరా! కనఁబడని చోట, చేయి తప్పుటకు వీలున్న చోట, మొన లేని కత్తిని పట్టుమనినాఁడు. నిపుణుఁడైన వైద్యుని చేతికే యిట్టి విధి నియమింపఁగా, కోపముతోఁ గన్ను గానని చేతికిని, సంసారపు తొందరలో నున్న చేతికిని అది వర్తింపదా?

పశ్చిమదేశములలో ఈ చర్చ చాల కాలమునుండి నడచుచున్నది. ఫ్రాన్సు దేశమున పదునాలుగవ లూయీ రాజు 1669లో మొనకత్తులను నిషేధించి, భోజనపుబల్లపైఁ బెట్టు కత్తుల కొనలు గుండ్రముగాఁ జేయుఁడని శాసించెను. నేఁటికిని వారి బల్లకత్తులు అట్లే యున్నవి. వంటగదికత్తులు మాత్రము తప్పించుకొన్నవి. ఇంగ్లండు, వేల్సు దేశములలో ఇటీవలి సంవత్సరములందు జరుగు హత్యలలో పదింట నాలుగు వాఁడియైన ఆయుధముతోనే జరుగుచున్నవి; ఆ ఆయుధములలో వంటింటి కత్తిది మొదటి స్థానము. 2005లో లండనులోని అత్యవసర చికిత్సాలయపు వైద్యులు ముగ్గురు తమ దేశపు ప్రసిద్ధ వైద్యపత్రికలో నొక వ్యాసము వ్రాసిరి. పదిమంది పేరుగల పాచకులను, పొడవైన కత్తికి మొన యెందులకని వారు ప్రశ్నింపఁగా, అది లేనిదే పని జరుగదని యెవరును చెప్పలేకపోయిరి. 2020లో నాటింగ్‌హామ్‌షైరు రక్షకభటులు గృహహింసకు గుఱియైనవారి యిండ్లకు మొన లేని కత్తులను పంచి చూచిరి. ఇంకను తూర్పునకుఁ బోయినచో చీనావారి కూరలకత్తి దీర్ఘచతురస్రము. మొన లేనే లేదు. అన్ని కోట్ల జనులు తరతరములుగా దానితోనే వండుకొని తినుచున్నారు. వంట చెడుననువారికి ఇంతకంటె వేఱు సమాధానము అక్కఱలేదు.

నేను ఈ మాట చెప్పునప్పుడెల్ల మా ఊరి మునసబు వంశీయుఁ డొకఁడు నవ్వి, "చంపదలఁచినవానికి వంటకత్తియే కావలెనా? మచ్చుకత్తి లేదా, కొడవలి లేదా, రోకలి లేదా?" యని యడుగును. అడుగవలసిన ప్రశ్నయే. పగఁబట్టి, నెలలు కాచి, దారికాచి చంపువానిని కత్తిరూపము ఆపదు. అట్టివారి విషయమున మన పూర్వపు మదరాసు రాజధానిలోనే ఒక గుణపాఠము కలదు. మలబారులో యుద్ధపుఁగత్తులను నిషేధించుచు 1854లో దొరతనమువారు చట్టము చేసిరి. కలెక్టరు కానలీ దొర ఊరూర తిరిగి వేలకొలఁది కత్తులను పోగుచేయించెను. 1855 సెప్టెంబరు 11వ తేదీ రాత్రి, జైలు తప్పించుకొని వచ్చినవారు ఆ కానలీ దొరనే అతని బంగళా వసారాలోఁ జంపిరి. కత్తి తీసికొన్నను పగ మిగిలినది. పగ మిగిలినచో కత్తి దొరకును. దీనిని నేను కాదనను.

కాని నా శిష్యుఁడు పగఁబట్టినవాఁడు కాఁడు. అన్న వడ్డింపఁగాఁ దినుటకు వచ్చినవాఁడు. మన పల్లెలలోని రక్తపాతములలో ఎన్ని యిట్టివో పెద్దలైన మీకు నాకంటె బాగుగాఁ దెలియును. మీరు పంచాయతులు తీర్చినవారు. గట్టు తగవు, నీళ్ల తగవు, సారాయి, ఆలుమగల మాటామాట. ఇవి ఘడియలో రేఁగి ఘడియలోఁ జల్లాఱునవి. చట్టమును ఈ భేదము నెఱుఁగును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయందును, దానికి పూర్వపు శిక్షాస్మృతియందును, ముందాలోచన లేక, హఠాత్తుగా వచ్చిన కలహమున, ఆవేశములో జరిగిన మరణమునకు, మితిమీఱిన క్రౌర్యము లేనిచో, హత్యకంటె తక్కువ దోషము నిర్ణయింపఁబడినది. చట్టము ఆ ఘడియను మరణానంతరము గుర్తించును. కత్తి చేయు కమ్మరి దానిని ముందే గుర్తింపవచ్చును గదా.

ఆ ఘడియ దాఁటినచో మనిషి నిలుచుననుటకు మన ప్రక్కనున్న సింహళద్వీపము సాక్షి. అక్కడ 1995 ప్రాంతమున లక్ష జనాభాకు ఏఁటికి 57 మంది ఆత్మహత్య చేసికొనుచుండిరి. అధికులు పురుగుమందు త్రాగియే. ఆ ప్రభుత్వము మిక్కిలి విషముగల మందులను ఒకటొకటిగా నిషేధించుచు వచ్చినది. 2015 నాఁటికి ఆ సంఖ్య 17కు దిగినది. అప్పులు తీఱలేదు, కాఁపురపు కలహములు ఆఱలేదు, జనులు దేవతలు కాలేదు. చేతికందిన సీసాలో చంపు శక్తి తగ్గినది, అంతే. మదనపల్లె టమోటా తోఁటలలో ధర పడిపోయిన యేఁట ఆ సీసా ఎంత చేరువగా నుండునో యెఱిఁగిన మీకు ఇంతకంటెఁ జెప్పనక్కఱలేదు.

మొన తీసివేసిన కత్తుల వలన ఇన్ని ప్రాణములు నిలిచినవని ఇట్టి లెక్క చూపఁగల దేశము నేఁటికి లేదు. కనుక ఇది సర్వరోగనివారిణి యని నేను చాటను. నష్టము లేని పని, లాభమునకు అవకాశమున్న పని. ఆ మాత్రమే నా వాదము. ప్రభుత్వము చేయునని కూర్చుండుటయు వ్యర్థము. 1959 నాఁటి ఆయుధముల చట్టము క్రింది నియమములు తొమ్మిది అంగుళములకు మించిన పొడవో, రెండంగుళములకు మించిన వెడల్పో గల కత్తులను ఆయుధములుగా నెంచినను, ఇంటిపనికిని సేద్యమునకును చేయఁబడినవానిని విడిచిపెట్టినవి. విడిచిపెట్టుట న్యాయమే, లేకున్న మన పల్లెలలో ప్రతి యిల్లును దొంగయగును. కావున ఈ పని యిండ్లలో జరుగవలసినదే.

కుప్పములో నాకుఁ దెలిసిన కమ్మరి యొకఁడు కలఁడు. మా యింటి పొడుగుకత్తిని, ఈలపీఁటను అతని కొలిమివద్దకుఁ గొనిపోయితిని. మొన తీయుమనఁగానే అతఁడు నన్ను చూచి, "మొన లేకపోతే కత్తికి లచ్చణం యాడుంటాది అయివారూ? సంతలో ఎవురు కొంటారు?" అని యడిగెను. అతని వృత్తిగౌరవము నాకు అర్థమైనది. "సంతకు వద్దు నాయనా, నాకుఁ జాలు" నంటిని. అతఁడు సానరాతిపై కొనను అరగఁదీసి బొటనవ్రేలి గోరువలె గుండ్రము చేసెను. వాదరను ముట్టలేదు. పావుగంట పట్టినది. పిదప ఈలపీఁటను త్రిప్పి త్రిప్పి చూచి, తానే యొక ఉపాయము చెప్పెను: కత్తి పలకలోఁ జేరు చోట ఒక మేకుకీలు బిగించినచో పని ముగియఁగనే కత్తి పలకమీఁదికి మడిఁగి పండుకొనును. అట్టి మడుపుపీఁటలు అంగళ్లలోను దొరకును. మా యింటిదానికి అట్లే చేయించితిని. వాదరమీఁద తొడుగుటకు చీల్చిన వెదురుబద్ద యొకటి చేసినాఁడు. నా మనుమరాలి తమ్ముఁడు ప్రాఁకు కాలమునకు అది సిద్ధముగా నుండెను.

కత్తి కొనువారు మొన యొక్కటియే చూచినఁ జాలదు. పిడికిని వాదరకును నడుమ చేయి జాఱకుండ ఒక అడ్డు, లేక మడమవంటి ఉబ్బు ఉండవలెను. అది లేనిచో తడిచేయి జాఱి వాదరమీఁదికిఁ బోవును. పిడి నున్నగా తళతళలాడరాదు. తఱుగు పలక క్రింద తడిగుడ్డ పఱచినచో పలక కదలదు. కత్తులను గరిటెలతోఁ గలిపి బుట్టలో వేయరాదు. మఱి వాదర మొద్దుబాఱిన కత్తి క్షేమమని అనేకులు తలఁతురు, అది పొరపాటు. మొద్దుకత్తిని బలముగా నొత్తవలసి వచ్చును, ఉల్లిపొరపై జాఱును, వ్రేలిమీఁదఁ బడును. వాదర పదునుగా, కొన గుండ్రముగా నుండుటయే మంచి కత్తి లక్షణము. కత్తి చేజాఱి క్రిందఁ బడునప్పుడు పట్టుకొనఁజూడక కాళ్లు వెనుకకుఁ దీసికొనవలెను. తెగినచోట పసుపో, కాఫీపొడియో, సున్నమో వేయుట మన యలవాటు. అది మాని శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొత్తిపట్టుఁడు. ఎవరికైనను కత్తి దిగఁబడియున్నచో దానిని మాత్రము లాగవలదు. ఆ కత్తియే నెత్తుటికి అడ్డుకట్టగా నుండవచ్చును. కదలకుండ చుట్టును గుడ్డ కట్టి 108కి ఫోను చేయవలెను. నా శిష్యుఁడు ఆ రాత్రి మొదట చేసిన పని కత్తిని లాగివేయుట.

కమ్మరి లేని ఊళ్లలో ఆకురాయి చాలును. కత్తిని గుడ్డలోఁ జుట్టి కొన మాత్రము బయటనుంచి, బల్లకు బిగించి, చేయి పైకి రాకుండ నిదానముగా అరగఁదీయవలెను. మా వీధిలో ఇప్పటికి పదునేడు కత్తుల మొనలు పోయినవి. పదునెనిమిదవది మా పెద్దకోడలిది. పాలపొట్లమునకు ఒక కత్తెర కొని యిచ్చినఁగాని ఒప్పుకొననన్నది. ఈ శనివారము అంగడికిఁ బోవలెను.